నెట్ స్పీడు సంగతి తర్వాత, ముందు కీబోర్డు సంగతి చూడాలి

టెలికాంలో పనిచేస్తానని తెలియగానే ఎవరైనా అడిగేది ఒకటే, ఏ కంపెనీ నెట్ బాగుంటుంది అని. పెళ్లి భోజనాల దగ్గర అడుగుతారు, బస్సులో పక్క సీటాయన అడుగుతాడు. నేను చెప్పే జవాబు చాలామందికి నచ్చదు. ఇంటికి 100 ఎంబీపీఎస్ సరిగ్గా వస్తుంటే మామూలు కుటుంబానికి అది చాలు, 300 ప్లాన్‌కి మారడం కంటే ముందు ఆ రౌటర్‌ని టీవీ వెనక నుంచి తీసి హాల్లో కాస్త ఎత్తు మీద పెట్టండి అంటాను. వైఫై సిగ్నల్ నడిచే దారుల్లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఎక్కువ స్పీడు ఇస్తుంది కానీ గోడ అడ్డమొస్తే తొందరగా బలహీనపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ గోడలు దాటుతుంది కానీ పక్కింటి వైఫై, ఎదురింటి వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అందులోనే ఉంటాయి. ఇనప బీరువా పక్కన పెడితే రెండూ పోతాయి. కదలని వస్తువులకి, అంటే టీవీకి, డెస్క్‌టాప్‌కి, వైరు లాగేయండి. మాకు వచ్చే కంప్లైంట్లలో చాలావాటికి మందు ఇదే.

స్పీడు గురించి ఇంతకంటే చెప్పాలని లేదు. నాకు పట్టింపు ఉన్నది కీబోర్డు మీద. చాలామందికి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, నాకు మాత్రం కాదు. మేము వేసే ఫైబర్‌లో వెలుతురు నడిచే గాజు మందం 9 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కేబుల్ తెగితే రెండు కొసల్ని స్ప్లైసింగ్ మెషిన్‌లో పెట్టి, అతుకు దగ్గర సిగ్నల్ నష్టం 0.02 డీబీ (డెసిబెల్) అని చూపిస్తే గానీ తృప్తిపడం, 0.1 చూపిస్తే విరగ్గొట్టి మళ్లీ కలుపుతాం. దారి పొడుగునా అంత జాగ్రత్త పడతాం కదా, మరి చివర మనిషి వేలు తగిలే చోట, మాట లోపలికి వెళ్లే చోట, ఎవరూ ఏమీ పట్టించుకోరు. తెలుగువాళ్ల విషయంలో అయితే మరీను.

ముందు మా పనిలో కీబోర్డుల గురించి చెబుతాను. షెల్టర్‌లో, అంటే టెలికాం పరికరాలు ఉండే గదిలో, రాక్ ముందు నిలబడి, ఒక చేత్తో లాప్‌టాప్ పట్టుకుని, పరికరానికి కన్సోల్ కేబుల్ గుచ్చి, దానితో మాట్లాడే పుట్టీ అనే ప్రోగ్రాంలో స్పీడు 9600 పెట్టుకుని నల్ల తెర మీద కమాండ్లు కొడతాం. అక్కడ మౌస్‌తో పని లేదు, కీబోర్డే సర్వస్వం. కొన్ని పాత పరికరాల్లో బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం చెరగదు, టోపీ గుర్తు పక్కన ఒక హెచ్ పడుతుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు పరికరం చెడిపోయిందని టెన్షన్ పడతారు. చెడిపోవడం ఏమీ లేదు, బ్యాక్‌స్పేస్ కీ పంపే కోడ్ 8 కావచ్చు, 127 కావచ్చు, టెలిటైపుల కాలం నుంచి రెండు పద్ధతులూ ఉన్నాయి. మనది ఒకటి పంపుతుంటే అవతలి పరికరం రెండోదాని కోసం చూస్తోంది, అంతే. పుట్టీ సెట్టింగుల్లో కీబోర్డు పేజీకి వెళ్లి మార్చుకుంటే సరిపోతుంది.

బ్రేక్ కీ సంగతి ఇంకా బాధ పెడుతుంది. పాస్‌వర్డ్ తెలియని సిస్కో రౌటర్‌ని లోపలి నుంచి సరిచేయాలంటే పవర్ ఆన్ చేసిన మొదటి నిమిషంలోపే బ్రేక్ సిగ్నల్, అంటే మామూలుగా మొదలుకాకుండా ఆపే సంకేతం, పంపాలి. పాత కీబోర్డుల్లో కుడివైపు పైన పాజ్, బ్రేక్ అని ఒక కీ ఉండేది. సన్నటి లాప్‌టాప్‌లు వచ్చాక ఆ కీని తీసేశారు, కొన్ని లెనోవో మోడళ్లలో ఎఫ్ఎన్ పట్టుకుని బి నొక్కాలి, కొన్నింట్లో అసలు లేదు. పుట్టీ విండో మెనూలో స్పెషల్ కమాండ్ కింద బ్రేక్ ఉంటుంది, ఇది తెలియక లాప్‌టాప్ మార్చి మార్చి ప్రయత్నించేవాళ్లని చూశాను. కీబోర్డు సన్నబడాలి, అందంగా ఉండాలి అని కీలు తీసేసేవాళ్లు, ఆ కీ ఎవరికి అవసరమో కనుక్కుని తీస్తే బాగుండేది. డెలీట్‌ని పవర్ బటన్ పక్కన పెట్టడం కూడా నాకు నచ్చని పనే.

ప్రతి కీ కిందా విడిగా ఒక స్విచ్ ఉండే మెకానికల్ కీబోర్డులంటే గేములాడే పిల్లల కోసం అనుకుంటారు గానీ, రోజంతా కొట్టేవాళ్లకి డబ్బులు పెట్టదగ్గ వస్తువు ఏదైనా ఉందంటే అదే. చెర్రీ కంపెనీ ఎంఎక్స్ స్విచ్చుల్లో నీలం రంగువి టక్ టక్‌మని శబ్దం చేస్తాయి, ఎరుపువి నున్నగా కిందకి దిగిపోతాయి, గోధుమ రంగువి శబ్దం పెద్దగా లేకుండా వేలికి మాత్రం చిన్న అడ్డు తగిలి కీ పడిందని చెబుతాయి. నైట్ షిఫ్టులో నలుగురు కూర్చునే గదికి గోధుమ రంగువే మంచివి. నీలం ఇంట్లో ఒంటరిగా ఉంటేనే. అందులో ఒక స్విచ్ పోతే ఆ ఒక్కటీ మార్చుకోవచ్చు, లాప్‌టాప్‌లో ఒక కీ పోతే చాలాసార్లు మొత్తం కీబోర్డు మార్చాల్సిందే. కొనేటప్పుడు కీల మీద ప్లాస్టిక్ ఏమిటో చూడండి, ఏబీఎస్ అయితే కొన్నాళ్లకి నున్నబడి మెరుస్తుంది, పీబీటీ అయితే చాలాకాలం గరుకుగానే ఉంటుంది. తీరం పక్క ఊళ్లలో, మా భీమవరం లాంటి చోట చెమట చేతులతో కొట్టేవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇంకో చిన్న విషయం. బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చునేవాళ్లు నంబర్ ప్యాడ్ మీద 7, 8, 9 పైన ఉన్నదానికి అలవాటుపడతారు, అదే చేత్తో ఫోన్ తీసుకుంటే 1, 2, 3 పైన ఉంటాయి. కాలిక్యులేటర్లది ఒక దారి, ఫోన్లది ఒక దారి. ఫోన్ అమరిక ఎవరికో తోచినట్టు పెట్టింది కాదు. నొక్కే బటన్ల ఫోన్ 1963లో అమెరికాలో అమ్మకానికి రాకముందే అక్కడి ఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో రకరకాల అమరికలు తయారుచేసి, మామూలు మనుషుల చేత నంబర్లు నొక్కించి, ఎంతసేపు పడుతోంది, ఎన్ని తప్పులు పడుతున్నాయి అని చూసి మరీ ఖాయం చేశారు. ఆ పద్ధతి అంటే నాకు గౌరవం. ఒక బటన్ ఎక్కడుండాలో తేల్చడానికి అంత కష్టపడ్డారు కాబట్టే ఇవాళ ఏటీఎం ముందు నిలబడ్డా అదే అమరిక మన వేళ్లకి తెలుసు.

ఆ 5 మీద ఉండే చిన్న బొడిపె కూడా అలాంటిదే. మా దగ్గర సీనియర్ లైన్‌మన్లు కొందరు ఇప్పటికీ బటన్ ఫోనే వాడతారు. నిచ్చెన మీద ఉండి, కళ్లు జాయింట్ బాక్స్ మీద పెట్టి, బొటనవేలితో 5 తడిమి నంబర్ నొక్కేస్తారు. చూపు లేనివాళ్లు కూడా ఆ బొడిపె ఆధారంగానే దశాబ్దాల పాటు ఫోన్లు చేసుకున్నారు. టచ్ స్క్రీన్ మీద ఆ వసతి పోయింది, దానికి బదులు తెర మీద ఉన్నది చదివి వినిపించే సదుపాయం వచ్చింది, అది మంచిదే, కానీ వేలికి తెలిసేదానికీ చెవికి చెప్పేదానికీ తేడా ఉంది. ఇండక్షన్ స్టవ్వుల మీద, వాషింగ్ మెషిన్ల మీద కూడా ఇప్పుడు బటన్లు తీసేసి నున్నటి అద్దం పెడుతున్నారు. తడి చేత్తో వాడే వస్తువు మీద టచ్ ప్యానెల్ పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక తెలుగు సంగతికి వస్తాను, అసలు చెప్పాలనుకున్నది ఇదే.

ఎక్కడ ఉన్నావ్, తిన్నావా అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం మనకి ఎలా అలవాటైందో ఇప్పటి పిల్లలకి తెలియదు. అది బద్ధకం వల్ల వచ్చింది కాదు. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగు అక్షరాలు ఆ పట్టికలో లేవు, అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో పంపాలి, ఒక్కోదానికి 16 బిట్లు, అంటే 70 మాత్రమే. ఆ 70 కూడా మనం అనుకునే అక్షరాలు కావు. స్త్రీ అని కొడితే చూడ్డానికి ఒక్క అక్షరం, లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మొత్తం 6 స్థానాలు. మెసేజ్‌కి రూపాయి పెట్టిన రోజుల్లో, పండగొస్తే ప్యాకులు చెల్లని రోజుల్లో, తెలుగులో పంపితే ఒక మెసేజ్ రెండు మూడుగా విడిపోయి డబ్బులు పోయేవి. పైగా అవతలివాళ్ల ఫోన్లో తెలుగు ఫాంట్ లేకపోతే డబ్బాలు కనిపించేవి. జనం ఇంగ్లీషు అక్షరాలకి మళ్లారంటే తప్పు వాళ్లది కాదు.

తర్వాత మొబైల్ ఫోన్ల జీఎస్ఎం ప్రమాణంలో తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలకి 7 బిట్ల పట్టికలు చేర్చారు. దాన్ని వాడితే తెలుగులో కూడా ఒక మెసేజ్‌లో 155 స్థానాలు పట్టాలి. కాగితం మీద ఉంది, కానీ మన ఫోన్లలో అది వాడుకలోకి రావడం నేను చూడలేదు. ఈలోపు వాట్సాప్ వచ్చేసింది, ఆ లెక్కతో జనానికి పని లేకుండా పోయింది.

కానీ కంపెనీలకి ఇంకా ఆ లెక్కతో పని ఉంది. కేబుల్ తెగినప్పుడు కస్టమర్లకి వెళ్లే మెసేజ్ ఇప్పటికీ ఇంగ్లీషులోనే పోతుంది. ఎందుకని అడిగితే యూనికోడ్ మెసేజ్‌కి ఖర్చు ఎక్కువ, 70 అక్షరాల్లో ఏం పడుతుంది అన్నారు. నేను ఒకటి రాసి చూశాను. మీ ప్రాంతంలో కేబుల్ తెగింది. సాయంత్రం 6 లోపు నెట్ వస్తుంది. ఖాళీలు, చుక్కలు అన్నీ కలిపి 59 స్థానాలు. ఒక్క మెసేజ్‌లో పట్టింది, ఇంకా చోటు మిగిలింది. అదే సంగతి ఇంగ్లీషులో డియర్ వాల్యూడ్ కస్టమర్ అని మొదలుపెట్టి అసౌకర్యానికి చింతిస్తున్నాం దాకా సాగదీసి పంపుతున్నారు, అది చదవలేక చెరువు గట్టు మీద ఉన్న రైతు నాకు ఫోన్ చేస్తాడు, ఏమండీ ఏదో మెసేజ్ వచ్చింది, బిల్లు కట్టమనా అని. రొయ్యల చెరువుల దగ్గర కెమెరాలు, నీళ్లకి గాలి అందించే ఏరేటర్ల అలారాలు నెట్ మీద నడుస్తుంటాయి. నెట్ ఎప్పుడొస్తుందో ఆయనకి అర్థమయ్యే మాటల్లో తెలియడం ఆయనకి చాలా అవసరం.

పేర్ల గొడవ ఇంకొకటి ఉంది. మా సాఫ్ట్‌వేర్లో కస్టమర్ల పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఎక్కించాలి. లక్ష్మి అనే పేరుని ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు, ఒకరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, చివర ఒకరు ఐ, ఒకరు రెండు ఇ లు. వెంకటేశ్వరరావు అయితే ఎన్ని రకాలుగా రాయొచ్చో చెప్పలేం. పెద్దావిడ ఫోన్ చేసి కనెక్షన్ నంబర్ గుర్తులేదు బాబూ, పేరు చెబుతాను అంటే, ఆ పేరుతో వెతికితే దొరకదు. తెలుగులో రాస్తే లక్ష్మి ఒక్కటే లక్ష్మి. ఆధార్ కార్డు మీద పేరు తెలుగులోనూ ఉంటుంది, దాన్ని చూస్తూ మనం ఇంగ్లీషు స్పెల్లింగ్ ఎక్కిస్తున్నాం, తర్వాత అదే స్పెల్లింగ్ కోసం వెతుక్కుంటున్నాం. వీధి పేర్లది, లాండ్‌మార్కులది కూడా ఇదే కథ. తప్పు స్పెల్లింగ్ పట్టుకుని లైన్‌మన్ ఒక వీధికి బదులు ఇంకో వీధికి వెళ్లిన సందర్భాలు మా దగ్గర మామూలే.

తెలుగులో ఎక్కించమంటే వచ్చే జవాబు, తెలుగు టైపింగ్ కష్టం అని. ఇక్కడే నాకు పట్టుదల వస్తుంది. తెలుగు టైపింగ్ కష్టం కాదు, మనకి సరైన పద్ధతి ఎవరూ నేర్పలేదు.

ఎక్కువమంది వాడేది ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగుగా మారే పద్ధతి. ఒకప్పుడు లేఖిని లాంటి వెబ్ పేజీలు, ఇప్పుడు ఫోన్లో గూగుల్ కీబోర్డు. మొదలుపెట్టడానికి సులువు, వాటి వల్లే వేలమంది తెలుగులో రాయడం మొదలుపెట్టారు, ఆ మేలు మరిచిపోకూడదు. కానీ ఊహించి రాసే కీబోర్డు పేర్లకి పనికిరాదు. కె, ఎ, రెండు ఎల్ లు, యు కొడితే కళ్ళు ఇవ్వాలా, కల్లు ఇవ్వాలా, కాళ్ళు ఇవ్వాలా అని అది ఊహించాలి, మనం ప్రతి మాటకీ తల ఎత్తి సరైనది వచ్చిందో లేదో చూసుకోవాలి. కళ్లు తెర మీదే ఉంటే కుదురుతుంది, ఫారం చూసి ఎక్కించేవాళ్లకి కుదరదు.

డీటీపీ షాపుల వాళ్లది వేరే లోకం. అను ఫాంట్లతో పెళ్లి కార్డులు, కరపత్రాలు ఎంత వేగంగా కొడతారో చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ ఫైలు ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి, ఎందుకంటే లోపల దాచింది తెలుగు కాదు, తెలుగు ఆకారాలున్న వేరే కోడ్. అందులో వెతకలేం, డేటాబేస్‌లో పెట్టలేం. అంత నైపుణ్యం ఉన్నవాళ్లు యూనికోడ్‌కి మారితే వాళ్లు కొట్టింది ఎక్కడైనా తెరుచుకుంటుంది.

నేను వాడేది ఇన్‌స్క్రిప్ట్. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలకి ఒకే అమరిక ఉండాలని తెచ్చింది, 1991లో ప్రమాణంగా కూడా ఎక్కింది. విండోస్‌లో, లినక్స్‌లో ఉచితంగానే ఉంటుంది, ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు, సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుని విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. దీని అమరిక మన గుణింతం నేర్చుకున్న పద్ధతికి దగ్గరగా ఉంటుంది. గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. షిఫ్ట్ పట్టుకుంటే క కాస్తా ఖ అవుతుంది, త థ అవుతుంది, ప ఫ అవుతుంది, ల ళ అవుతుంది, గుడి ఇ అవుతుంది. వత్తు కావాలంటే డి కీ నొక్కి పొల్లు పెట్టి తర్వాతి హల్లు కొట్టడమే. తెలుగు అనే మాటనే తీసుకోండి, ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ, రెండు చేతులూ సమానంగా పనిచేస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా అదే ఆరు కీలు, కానీ ఇక్కడ ఊహ లేదు, ఏది నొక్కితే అదే వస్తుంది. క్వెర్టీ అనే ఇంగ్లీషు కీల అమరికతో రెమింగ్టన్ టైపు మిషన్లు వచ్చింది 1870ల్లో, ఎప్పుడో ఇంకో భాష కోసం కుదిరిన ఆ వరసని మనం చిన్నప్పటి నుంచి కష్టపడి నేర్చుకున్నాం, మన భాష కోసం ఆలోచించి చేసినదానికి కొన్ని వారాలు పెట్టలేమా?

ఇబ్బంది ఎక్కడంటే, కీల మీద తెలుగు అచ్చువేసిన కీబోర్డు షాపులో అడిగితే దొరకదు. స్టిక్కర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, నేను ఆఫీసు కీబోర్డుకి అవే అంటించాను. నలుగురూ వాడే కీబోర్డు మీద తెలుగు కనిపించడమే ఒక లాభం, చూసినవాళ్లు అదేమిటని అడుగుతారు, రెండు మాటలు కొట్టి చూస్తారు. ఫోన్ల విషయంలో ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది, 16333 నంబరు భారతీయ ప్రమాణం ప్రకారం దేశంలో అమ్మే ఫోన్‌లో ఇంగ్లీషు, హిందీతో పాటు ఇంకో భారతీయ భాషలోనైనా టైపు చేయగలగాలి, అన్ని అధికార భాషలూ చదవగలగాలి. అలాంటిదే కంప్యూటర్ కీబోర్డులకీ ఉండాలని, కనీసం రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆఫీసులు కొనేవాటికైనా ఉండాలని నా కోరిక.

తెలుగుని చివర్లో గుర్తుచేసుకుంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ్ఞా అనే అక్షరాన్ని, మధ్యలో కంటికి కనపడని ఒక కోడ్‌తో కలిపి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి, మెసేజ్ తెరవగానే యాప్ మూసుకుపోయేది. ఆపిల్ వాళ్లు ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. విదేశీ పత్రికలు అప్పుడు తెలుగు అక్షరం ఫోన్లని చంపుతోందన్నట్టు రాశాయి. అక్షరం తప్పేమీ లేదు, దాన్ని గీసే సాఫ్ట్‌వేర్‌ని కోట్లమంది మాట్లాడే భాషతో సరిగా పరీక్షించలేదు, అంతే.

మాటతో టైపు చేయడం గురించి కూడా అడుగుతుంటారు. చదువు తక్కువున్నవాళ్లకి, చూపు మందగించిన పెద్దవాళ్లకి అది నిజంగా వరం, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. కాకపోతే జనరేటర్ పక్కన నిలబడి కుదరదు, ఇంటి నంబరు, ఇంటిపేరు, పాస్‌వర్డ్ లాంటివి నలుగురిలో పైకి చదవలేం.

పాస్‌వర్డ్ అంటే గుర్తొచ్చింది, కొత్త కనెక్షన్ ఇచ్చాక అందరికీ చెప్పే మాట ఇక్కడా రాస్తాను. వైఫై పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండొచ్చు. చిన్నదానిలో గుర్తులు, పెద్దక్షరాలు ఇరికించే కంటే, సంబంధం లేని నాలుగైదు మాటలు వరసగా, అన్నీ చిన్నక్షరాల్లో పెట్టుకోండి. పొడుగ్గా ఉంటే ఊహించడం కష్టం, టీవీ రిమోట్ బాణాలతో కొట్టేటప్పుడు షిఫ్ట్ కోసం తెర మీద వెతుక్కునే బాధ కూడా ఉండదు.

మా కంప్లైంట్ సాఫ్ట్‌వేర్లో పేరు కాలమ్ ఇంగ్లీషే అడుగుతుంది గానీ రిమార్క్స్ కాలమ్ తెలుగు తీసుకుంటుందని ఈమధ్యే కొట్టి చూశాం. ఇప్పుడు మా సెంటర్లో ఇల్లు ఎక్కడో అందులో తెలుగులో రాస్తున్నాం, రామాలయం వెనక సందు, ఐస్ ఫ్యాక్టరీ ఎదురు, చెరువు గట్టు మీద మూడో స్తంభం అని. లైన్‌మన్లు ఫోన్ చేసి మళ్లీ అడగడం తగ్గింది. మీ ఆఫీసు సాఫ్ట్‌వేర్లో కూడా అలాంటి కాలమ్ ఏదో ఒకటి ఉంటుంది, తెలుగులో కొట్టి సేవ్ చేసి మళ్లీ తెరిచి చూడండి. అక్షరాల బదులు ప్రశ్న గుర్తులు కనిపిస్తే ఆ కాలమ్ యూనికోడ్‌లో దాచబడడం లేదని చాలావరకు అర్థం. సాఫ్ట్‌వేర్ చూసేవాళ్లకి ఆ ఒక్క ముక్క రాసి పంపండి, వాళ్లు చేయగలిగిన పనే అది.